ఐదో లెవెల్లో ముగ్గురే శత్రువులు

2006 ఏప్రిల్ 18, మంగళవారం. ఉదయం పది గంటలకు సమావేశం. హాజరైనవారు: యజమాని, బెంగళూరు కంపెనీ తరఫున వచ్చిన ప్రొడ్యూసరు, మా ప్రోగ్రామరు, లెవెళ్ళు తయారుచేసే అమ్మాయి, టెస్టింగ్ ఇన్‌ఛార్జిగా నేను. పదకొండు నుంచి జనరేటరు మెకానిక్కు.

ఆనాటి డైరీ పేజీ పైభాగంలో ఇంతే ఉంది. కంప్యూటరు ఆటల ఆఫీసులో, అదీ అంత ముఖ్యమైన సమావేశంలో, జనరేటరు మెకానిక్కు ఎందుకు కూర్చున్నాడని మీరు అడగవచ్చు. ఆటలు తయారుచేసే పనుల్లోకి ఇప్పుడు మన జిల్లా పిల్లలు కూడా వెళుతున్నారని విన్నాను. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. నా తెలివితేటలు చెప్పుకోవడానికి మాత్రం కాదు. ఆ రోజు నా దగ్గర అవి పెద్దగా లేవు.

నాది ఇరవై నాలుగేళ్ళ పాటు మోటారు పంపుసెట్ల కర్మాగారంలో తనిఖీ ఉద్యోగం. మోటారు తిరిగిందా, వేడెక్కిందా, చప్పుడు చేసిందా, రిజిస్టరులో రాసి సంతకం పెట్టడం. కర్మాగారం మూతపడింది. మా దగ్గర మోటార్లు కొనే ఒక ఆసామి, డ్రిప్ పైపుల వ్యాపారి, ఇంట్లో ఒకరిద్దరు రాజకీయాల్లో ఉన్నవాడు, బుక్కరాయసముద్రం రోడ్డులో తన గోడౌను మీది అంతస్తులో కంప్యూటర్లు పెట్టించి నన్ను పిలిచాడు.

"సార్, తప్పులు పట్టడం మీకు వచ్చినట్ల ఎవురికీ రాదు. కంప్యూటరుదేముంది, మా పిల్లోళ్ళు నేర్పిస్తారు."

అలా యాభై ఏళ్ళ వయసులో కాల్పుల ఆటలు తనిఖీ చేసే పనిలో చేరాను. కింద పైపుల వాసన, పైన పద్నాలుగు మంది. గదిలో ఏసీ కంప్యూటర్ల వైపు తిప్పి ఉండేది, మనుషుల వైపు కాదు.

ఆట గురించి రెండు మాటలు. తెర మీద మీ చేతులూ, చేతుల్లో తుపాకీ, అంతే కనిపిస్తాయి. మీ ముఖం మీకు కనపడదు. నడిచేది మీరే, కాల్చేది మీరే, చచ్చేదీ మీరే. నలుగురు కలిసి ఒకరినొకరు కాల్చుకునే పద్ధతి ఒకటుంది. ఒక్కరే కూర్చుని మొదటి నుంచి చివరిదాకా కథలాగా ఆడుకుంటూ పోయే పద్ధతి ఇంకొకటి. దాన్ని క్యాంపెయిన్ అంటారు. కథలో ఒక్కొక్క ఘట్టం ఒక లెవెలు. మొత్తం ఆట బెంగళూరు కంపెనీది. లెవెళ్ళు కట్టడం, తప్పులు వెతకడం మా వంతు.

మొదటి భాగం మూడేళ్ళ ముందు వచ్చింది. సరిహద్దులో దళం నుంచి తప్పిపోయిన ఒక జవాను, ఒక పాత రైఫిలు, చాలీచాలని తూటాలు. రేడియోలో ఒక సుబేదారు గొంతు మాత్రం "ఎడమకు తిరుగు, వంగి నడువు" అంటూ దారి చెబుతుంటుంది. వ్యవధి తక్కువై, మనుషులు తక్కువై, అంతకంటే ఎక్కువ పెట్టలేక వదిలేసిన ఆట అది. నెట్ సెంటర్లలో జనం విరగబడి ఆడారు. ఎందుకు ఆడారో మాలో ఒక్కరికీ తెలియదు. తెలుసుకుందామని కూడా ఎవరికీ తోచలేదు. బాగా కుదిరినదానికి కారణం తెలియనివాడు రెండోసారి చేసేటప్పుడు ఏం చేస్తాడు? అన్నీ రెండింతలు చేస్తాడు.

"సార్, పస్టు పార్టులో తుపాకులు ఎన్ని?" అని యజమాని ఒకరోజు నన్ను అడిగాడు.

"ఆరు."

"సెకండు పార్టులో పన్నెండు లేకపోతే జనం మొగాన ఉమ్మేస్తారు." ప్రోగ్రామరు వైపు తిరిగాడు. "హెలికాప్టరు పెట్టినావా?"

"పెట్టినానన్నా."

"ఒకటేనా? ఇంకోటి పెట్టు. ఒంటరిగా ఉంటే దానికీ బాగుండదు."

ప్రోగ్రామరు కొత్తచెరువు కుర్రాడు. పని మీద దృష్టి తప్ప నోట్లో మాట లేని మనిషి. ఇంకోటి పెట్టాడు.

ఇక నా ఘనకార్యాలు రెండు. మొదటిది, టెస్టింగు పద్ధతి. తప్పులు వెతికే పిల్లలు మాటిమాటికీ చచ్చిపోతుంటే పని సాగడం లేదని, చావు రాకుండా, తూటాలు అయిపోకుండా ఒక మీట పెట్టించాను. ఆ మీట నొక్కితే ఎంతమంది కాల్చినా ఏమీ కాదు, పన్నెండు తుపాకులూ చేతికొస్తాయి. ఆఫీసులో దాన్ని "అమృతం" అనేవాళ్ళు. పొద్దున వచ్చి సంచి పెట్టి, అమృతం వేసుకుని పనిలో దిగేవాళ్ళు. ఒక్కొక్కరికి ఒక్కో లెవెలు అప్పగించాను. నాలుగో లెవెలు వాడు తొమ్మిది నెలలూ నాలుగులోనే తిరిగాడు. గోడలోంచి మనిషి దూరిపోతున్నాడా, శత్రువు గాల్లో నిలబడ్డాడా, చప్పుడు రావడం లేదా, అన్నీ రిజిస్టరుకెక్కాయి. ఆ రిజిస్టరు చూసి నేను గర్వపడ్డానని డైరీలోనే రాసుకున్నాను. ఇప్పుడు చదివితే ఒళ్ళు మండుతుంది.

రెండోది, పట్టిక. యజమానికి పరిస్థితి ఒక్క చూపులో తెలియాలని ప్రతి లెవెలుకూ గడులు గీశాను. శత్రువులెందరు, తుపాకులెన్ని, పేలుళ్ళెన్ని, ఎన్ని నిమిషాలు. చివర్లో మార్కులు. ఎవరూ అడగలేదు. నేనే గీశాను.

లెవెళ్ళు కట్టే అమ్మాయిది రాయదుర్గం. వాళ్ళ నాయన జీన్స్ యూనిట్లో కటింగ్ మాస్టరు. తనూ కొన్నాళ్ళు అక్కడ కంప్యూటరు మీద ప్యాంట్ల కొలతలు గీసి, మా దగ్గరికి టెస్టరుగా వచ్చింది. లెవెళ్ళు కట్టే సాఫ్ట్‌వేరు భోజనాల వేళ తనంతట తాను నేర్చుకుంది. రెండో భాగంలో ఐదో లెవెలు ఆమెకు మొదటిసారి సొంతంగా దక్కింది. బుక్కరాయసముద్రం చెరువు ఎండిన సంవత్సరం దాని అడుగున నడిచి తీసుకున్న ఫోటోలు పెట్టుకుని, ఎండిన చెరువు ఒకటి కట్టింది. పగిలిన నేల, పొడుగాటి కట్ట, నడిమధ్యలో తూము, దానికి ఇవతల ఒక పంపుగది. శత్రువులు ముగ్గురే. ఒకడు కట్ట మీద, ఒకడు పంపుగదిలో, ఒకడు తూము వెనక.

నా పట్టిక చూసి ఒకసారి అడిగింది. "సార్, దీంట్లో సద్దుకు గడి ఉండాది. సద్దు లేకుండా ఉండేదానికి లేదే?"

"లేనిదానికి గడి ఎట్లా గీస్తానమ్మా?" అన్నాను. తెలివైన జవాబిచ్చానని కూడా అనుకున్నాను.

ఆ పట్టికలో ఐదో లెవెలుకు అన్నింటికంటే తక్కువ మార్కులొచ్చాయి. యజమాని ఆ కాగితం పట్టుకుని ఏప్రిల్ మొదటివారమంతా ఊగిపోయాడు. ముగ్గురు శత్రువులేమిటి, పెళ్ళిచూపులకు కూడా అంతకంటే ఎక్కువమంది వస్తారు కదా అని ఆయన వాదన. ఐదు తీసేయాలని, ఆ అమ్మాయి మళ్ళీ టెస్టింగులో కూర్చోవాలని, లెవెళ్ళ పనికి బెంగళూరు నుంచి ఇంకెవరినైనా తెచ్చుకుంటానని తేల్చేశాడు. చివరి మాట మాత్రం ప్రొడ్యూసరుది. ఆయన పద్దెనిమిదో తారీకు వస్తున్నాడు.

కోలారు వైపు తెలుగాయన ఆ ప్రొడ్యూసరు. తక్కువ మాట్లాడే మనిషి. వచ్చి కూర్చోగానే యజమాని నా పట్టికను ఆయన ముందు పరిచాడు.

"చూడండి సార్. ఇది నేను చెప్పే మాట కాదు, మా పెద్దాయన లెక్క. నాలుగో లెవెలుకు తొంభై, ఐదుకు పదకొండు. ఇస్కూల్లో అయితే పిల్లోనికి టీసీ ఇచ్చి పంపిస్తారు."

నాలుగో లెవెలు యజమాని స్వయంగా ఊహించి కట్టించుకున్నది. ఎడారిలాంటి బయలు, జీపుల వరుస, నాటుబాంబులు, చివర్లో రెండు హెలికాప్టర్లు. దాని గురించి ఆయన వాళ్ళ ఊళ్ళో చాలామందికి ముందే చెప్పుకున్నాడు.

అమ్మాయి నిలబడే మాట్లాడింది. "సార్, ఐదు ఒక్కటే చూస్తే ఏమీ లేనట్లే ఉంటాది. నాలుగు ఆడి, ఆ సద్దంతా చెవుల్లో ఉండంగా ఐదులోకి రావాల. అప్పుడు చూడండి."

"యాడ చూసేది పాపా, ఆడ చూసేదానికి ఏముండాది?" అన్నాడు యజమాని. "ఎండిపోయిన చెరువు. అది మా ఊరోళ్ళు రోజూ చూస్తాండారు."

ప్రొడ్యూసరు పట్టిక పక్కన పెట్టి నన్ను అడిగాడు. "మొదటి నుంచి చివరిదాకా, వరుసగా, చచ్చిపోతూ ఎవరైనా ఆడినారా?"

రిజిస్టరు తెరిచాను. మూడు వందల పేజీలు. తేదీలు, సంతకాలు, తప్పు సరిచేసిన గుర్తులు. వరుసగా ఆడినవాడు అందులో ఒక్కడూ లేడు. తొమ్మిది నెలలుగా అందరం అమృతం తాగి తిరుగుతున్నాం. చావు లేనివాడికి తుపాకీ ఎందుకు, తూటా ఎందుకు, భయం ఎందుకు? మోటారును నీళ్ళలోకి దించకుండానే ఇరవై నాలుగేళ్ళు పాసు చేసినట్టుంది నా పని.

"లేదు సార్," అన్నాను.

"మీలో ఎవరాడినా లాభం లేదు. మీకు మూలమూలా తెలుసు. ఏమీ తెలియనోడు, మొదటి భాగం ఆడినోడు కావాలి."

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. కింద జనరేటరు రెండు దగ్గులు దగ్గి ఆగింది. దాన్ని బాగుచేయడానికి పొద్దున్నుంచీ వచ్చి ఉన్న మెకానిక్కు చేతులు తుడుచుకుంటూ పైకొచ్చాడు. బుక్కరాయసముద్రంలో దుకాణం, వయసు ముప్పై పైన. కిటికీలోంచి వెలుతురు పడుతున్న గోడ మీద మా ఆట పోస్టరు చూసి ఆగిపోయాడు.

"ఇది మీరు చేసిందాప్పా? నేను నాలుగు తూర్లు ముగించినా. మా దుకాణం పక్కనే నెట్ సెంటరు. నా ఆడదయితే, ఆ ఆటనే పెండ్లి చేసుకొని ఉండు అంటాది."

ప్రొడ్యూసరు మొహం వెలిగింది. "రెండో భాగం ఆడతావా?"

"నాకేమప్పా, ఆడమంటే ఆడతా. ముందు జనరేటరు ఎత్తుకోనీ."

పావుగంటలో జనరేటరు లేచింది. పదకొండుకు మెకానిక్కు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. మేం ఐదుగురం వెనక. ఎవరూ నోరు తెరవకూడదని ప్రొడ్యూసరు షరతు పెట్టాడు.

మొదటి లెవెలు మొదలవగానే రేడియోలో సుబేదారు గొంతు వచ్చింది. మెకానిక్కు పాత స్నేహితుణ్ణి చూసినట్టు నవ్వాడు. "బతికే ఉండావా మామా!" ఆ నవ్వు పది నిమిషాలు కూడా నిలవలేదు. ముందుకు నడవాలంటే ఏ మీట నొక్కాలి, వంగాలంటే ఏది, తుపాకీ ఎలా నింపాలి అని సుబేదారు ఒక్కొక్కటీ నేర్పిస్తూనే ఉన్నాడు.

"నాలుగు తూర్లు గెలిచినోనికి నడిచేది నేర్పిస్తాండారే," అన్నాడు మెకానిక్కు తెర వైపే చూస్తూ. "వచ్చే నెల నాకు పలక బలపం కొనిస్తారేమో."

రెండో భాగం ఆడే మనిషి కొత్తవాడు కాదు. ఒకసారి మన ఇంటికొచ్చి భోంచేసి వెళ్ళినవాడు. వాడికి గడప ఎక్కడుందో చెప్పనక్కర్లేదు. వాడు నేర్చుకున్నది పనికిరాకుండా పోయే చోటు ఒకటి చూపించాలి. ఇది ఆ రోజు సాయంత్రానికి నాకు అర్థమైంది. పదకొండున్నరకి ఇంకా కాలేదు.

రెండో లెవెలు గడిచింది. కష్టపడి ఒక మంచి తుపాకీ సంపాదించుకున్నాడు, తూటాలు పొదుపుగా దాచుకున్నాడు. మూడో లెవెలు తెరుచుకుంది. తెర మీద రెండు ఖాళీ చేతులు.

"నా తుపాకేదీ?"

మీటలన్నీ ఒక్కొక్కటీ నొక్కి చూశాడు.

"అన్నా, నా తుపాకీ యాడికి పోయింది? ఇంతసేపూ దానికోసమే గదా చచ్చింది?"

ప్రోగ్రామరు లేచి నిలబడ్డాడు, ముఖం పాలిపోయింది. ఒక లెవెల్లో సంపాదించింది తర్వాతి లెవెలుకు మోసుకుపోవాలన్న సంగతే ప్రోగ్రాములో సరిగ్గా పడలేదు. తొమ్మిది నెలలుగా ప్రతి లెవెలూ అమృతంతో మొదలై, పన్నెండు తుపాకులూ మొదట్లోనే చేతికొస్తుంటే ఎవరికి తెలుస్తుంది? మూడు వందల పేజీల రిజిస్టరులో ఆ ఒక్క తప్పు లేదు.

"పెద్దాయనా, ఇదేంది?" యజమాని నా వైపు చూశాడు.

"నా తప్పు," అన్నాను. ఆ రోజు అనాల్సిన మాట అదొక్కటే. ఆలస్యమైతే ఆ కుర్రాడి మీద పడేది.

అరగంటలో ప్రోగ్రామరు సరిచేశాడు. ఈలోగా మెకానిక్కు కిందికెళ్ళి డీజిలు చూసుకుని, టీ తాగి వచ్చాడు.

నాలుగో లెవెలు వచ్చేసరికి యజమాని కుర్చీ ముందుకు లాక్కున్నాడు. జీపులొచ్చాయి. బాంబులు పేలాయి. ఒక తలుపు తెరుచుకుంది, పదిమంది వచ్చారు. మెకానిక్కు కాల్చాడు. ఇంకో తలుపు తెరుచుకుంది, ఇంకో పదిమంది.

"అందరూ ఒగే అమ్మకు పుట్టినట్లుండారే. మూతులు కూడా ఒగటే."

కాసేపటికి ఒక చేతిని తల కింద పెట్టుకుని ఒక్క చేత్తో ఆడుతున్నాడు. తూటాలు లెక్కలేనన్ని దొరుకుతుంటే గురి చూసే అవసరమేముంది? మీట నొక్కి పట్టుకుని తుపాకీని అటూ ఇటూ తిప్పుతున్నాడు, పొలానికి మందు కొట్టినట్టు. ఇంతలో మొదటి హెలికాప్టరు కూలే ఘట్టం వచ్చింది. యజమానికి ప్రాణమైన చోటు. అక్కడ ఆట ఆగిపోయి తెర మీద సినిమాలా నడుస్తుంది. ఆడేవాడి చేతిలో ఏమీ ఉండదు. మెకానిక్కు మౌసు వదిలేసి ఒళ్ళు విరుచుకున్నాడు.

"కూలింది బాగుండాది. నేను కూల్చింటే ఇంగా బాగుండు."

రెండో హెలికాప్టరు కూలుతుంటే మనిషి కుర్చీలోనే లేడు. కిటికీ దగ్గర నిలబడి జనరేటరు చప్పుడు వింటున్నాడు.

"రాప్పా, అయిపోతాంది!" అని యజమాని కేకేశాడు.

"అయిపోనీలేన్నా. నేను లేకున్నా అది కూల్తాదిగదా."

యజమాని మెడ నరాలు ఉబ్బడం నేను చూశాను. ఆ ఇంటి మనిషితో మా వైపు ఎవరూ అలా మాట్లాడరు. మెకానిక్కుకు ఆ ధ్యాస లేదు. ఆట బాగాలేదన్న చిరాకులో ఉన్నాడు.

ఆ చిరాకులోనే తూటాలు తగలేసుకుని, ఏడంటే ఏడు మిగుల్చుకుని, రెండున్నరకు ఐదో లెవెల్లోకి దిగాడు.

ముందు ఏమీ లేదు. గాలి. నేల బీటల మీద బూట్ల చప్పుడు. దూరంగా కట్ట, తెల్లగా ఎండ. మెకానిక్కు అలవాటుగా సుబేదారు మాట కోసం ఆగాడు. రేడియో బరబరమని ఆగిపోయింది. మొదటి భాగమంతా, రెండో భాగంలో నాలుగు లెవెళ్ళూ చెవిలో మోగిన గొంతు అది.

"మామా?" అన్నాడు మెకానిక్కు.



ఒక్క చేత్తో ఆడుతున్న మనిషి రెండో చేతిని బల్ల మీదికి తెచ్చాడు. కుర్చీ ముందుకు జరిపాడు. తూటాలు చూసుకున్నాడు, ఏడు. కట్ట వైపు నాలుగడుగులు వేసి ఆగాడు. కట్ట మీద ఒకడు అటు తిరిగి నిలబడి ఉన్నాడు. వాణ్ణి కాల్చవచ్చు. కాలిస్తే ఆ చప్పుడుకు ఇంకెవరు వస్తారో తెలియదు. చాలాసేపు ఆలోచించాడు. కాల్చాడు, తప్పింది. చచ్చాడు.

మళ్ళీ మొదలు. ఈసారి కట్ట నీడలో వంగి వెళ్ళాడు. ఆడేవాడి భుజాలు కూడా నిజంగానే కిందికి వంగాయి. పంపుగదివాడి చేతిలో చచ్చాడు. మళ్ళీ. పగిలిన బెడ్డ ఒకటి కాలికింద చిట్లింది, మళ్ళీ చచ్చాడు. మూడుసార్లు చచ్చినా ఒక్క మాట అనలేదు. అంతవరకూ నిమిషానికొక ఎగతాళి చేసినవాడు.

అమ్మాయి తెర వైపు అప్పుడప్పుడు ఒక చూపు తప్ప చూడటం లేదు. మెకానిక్కు భుజాలను, చేతులను, అతని తల ఎటు తిరుగుతుందో దాన్ని చూస్తోంది.

నాలుగోసారి చచ్చేసరికి యజమానికి ఊరట కలిగింది. "చూస్తిరా సార్? ఊరికే చస్తాండాడు. కష్టంగా ఉండాది. జనం పారేసి పోతారు. తీసేసేది మేలు."

"నోరు ముయ్యన్నా కాసేపు!" అన్నాడు మెకానిక్కు.

తల కూడా తిప్పలేదు. ఎవరితో అన్నాడో అతనికి తెలిసిందో లేదో కూడా నాకు తెలియదు. ప్రోగ్రామరు నేల చూశాడు. ప్రొడ్యూసరు గడ్డం కింద చెయ్యి పెట్టుకున్నాడు. నేను యజమానినే చూశాను. కోపం రావలసిన ముఖంలో కోపం రాలేదు. ఆయన కూడా తెర వైపు చూస్తున్నాడు. మెకానిక్కు ఈసారి కట్టవాణ్ణీ పంపుగదివాణ్ణీ కొట్టి తూము దగ్గరికి చేరుతున్నాడు.

తూము వెనక ఉన్న మూడోవాణ్ణి నాలుగు అడుగుల దూరంలో, మిగిలిన చివరి తూటాతో కొట్టాడు. కొట్టి, వెనక్కి వాలి, రెండు చేతులూ ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"థూ, నీయవ్వ," అన్నాడు సంతోషంగా. "ఇదప్పా ఆట. ముగ్గురేనా ఉండింది? నాకు ముప్పైమంది ఉండినట్లుండె."

అక్కడితో ఆగలేదు. ఆరో లెవెలు ఆడాడు. అదీ పేలుళ్ళ లెవెలే, నాలుగుకు కవల పిల్ల. విచిత్రమేమంటే అది బాగుంది. ఆ నిశ్శబ్దం తర్వాత మొదటి బాంబు పేలగానే మెకానిక్కు కుర్చీలో ఎగిరిపడ్డాడు, వెనక మేమూ ఎగిరిపడ్డాం. ఐదు తన మార్కులు తాను తెచ్చుకోవడమే కాదు, పక్కవాడికి కూడా తెచ్చిపెట్టింది. దానికి నా పట్టికలో గడి లేదు. ఇప్పుడు గీయమన్నా నాకు రాదు.

ఐదింటికి ప్రొడ్యూసరు తీర్పు చెప్పాడు. ఐదో లెవెలు ఉంటుంది. మొదట్లో నడక నేర్పించేదంతా పోతుంది. తూటాలు అన్ని లెవెళ్ళలో సగానికి తగ్గాలి. కూలేవన్నీ ఆడేవాడి చేతిమీదుగా కూలాలి. నాలుగో లెవెలు పూర్తిగా తీసేయాలి.

"నాలుగా?" యజమాని లేచాడు. "సార్, తొంభై మార్కులు! రెండు హెలికాప్టర్లు! మా ఊరోళ్ళకంతా చెప్పుకొన్నా సార్!"

"పట్టిక ఎవరిది?" అన్నాడు ప్రొడ్యూసరు.

"నాది," అన్నాను. "చింపేయొచ్చు."

"చింపేదెందుకు సార్," అన్నాడు యజమాని కసిగా. "పైపులకు పనికొస్తాది. ఎన్ని అడుగులు, ఎన్ని అంగుళాలు. అయ్యప్పా, తొమ్మిది నెలలు!"

ఆయన కోపం న్యాయమైనదే. నా మీద నాకున్నది ఇంకా ఎక్కువ. ఆ పదకొండు మార్కుల కాగితమే ఒక మంచి పనివాణ్ణి, కాదు పనిమంతురాలిని, కుర్చీలోంచి లేపి పంపేసేది. జనరేటరు ఆ రోజు చెడకుండా ఉంటే పంపేసి ఉండేది కూడా. న్యాయం జరగడానికి ఒక యంత్రం చెడిపోవలసి వచ్చిందంటే, ఇరవై నాలుగేళ్ళు యంత్రాలు తనిఖీ చేసినవాడికి అంతకంటే చిన్నతనం ఏముంటుంది?

మెకానిక్కు పోతూ అమ్మాయిని అడిగాడు. "ఆ చెరువు నువ్వు కట్టినావంట కదా పాపా?"

"అవున్నా."

"తూముకాడ నాకు పానం పోయింది తల్లీ. బిల్లు జనరేటరుకే వేస్తాలే, దీనికి వెయ్యను."

ఆమె నవ్వింది గానీ మనసు అక్కడ లేదు. చేతిలో చిన్న కాగితం మీద ఏవో గీతలున్నాయి. గెలిచినందుకు మిఠాయి తెప్పిద్దామని ప్రోగ్రామరు అంటే, రేపు చూద్దామంది. రాయదుర్గం బస్సులో నాయనకు ఏదో కబురు పంపి, హాస్టలుకు వెళ్ళిపోయింది.

మర్నాడు, బుధవారం, నేను అలవాటు ప్రకారం ఎనిమిదిన్నరకు ఆఫీసు తెరవబోతే అప్పటికే తెరిచి ఉంది. అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. తెర మీద ఎండిన చెరువు. తూము వెనక ఉండాల్సిన మూడోవాడు కనబడలేదు.

"ఏమమ్మా, వాడేడీ?"

"తీసేసినా సార్."

నాకు నిజంగానే విసుగొచ్చింది. "నిన్ననే కదమ్మా గెలిచావు! ముగ్గురున్నారనే కదా ఇన్నాళ్ళూ గొడవ? ఒప్పుకున్నదాన్ని ఒక్క రాత్రైనా అలా ఉండనియ్యకూడదా?"

ఆమె కాగితం చూపించింది. మెకానిక్కు ఎక్కడెక్కడ ఆగాడో, ఎన్నిసార్లు వెనక్కి తిరిగాడో గుర్తులు. "మూడోవాణ్ణి చూసినంక ఆయప్ప భయం పోయింది సార్. చూడకముందు, ఈడ, తూము ఇవతల, మూడు తూర్లు ఎనక్కి తిరిగినాడు. ఆడ ఎవురూ లేరు. ఆ లేని చోటే ఎక్కువ భయపడినాడు. మా నాయన అంటాడు, గుడ్డ కత్తిరించినంక మిగిలిన ముక్కను చూస్తే కత్తిరించింది తప్పో ఒప్పో తెలుస్తాదని."

వెనక నుంచి యజమాని వచ్చాడు. రాత్రంతా నాలుగో లెవెలు గురించి బాధపడ్డ ముఖమే. తెర చూశాడు, విషయం విన్నాడు.

"ముగ్గురు తక్కువని నేను మొత్తుకుంటే ఇంకొగన్ని తీసినావా పాపా? రేపు ఇంకొగన్ని తీస్తావు. ఎల్లుండి చెరువు కూడా తీసేసి తెల్ల గుడ్డ చూపిస్తావా?"

"కూర్చొని ఆడన్నా ఒగసారి."

"నేనా?"

"మీరే."

ఆయన నా వైపు చూశాడు. నేను కుర్చీ జరిపాను. మూడేళ్ళకు పైగా ఆటల వ్యాపారం చేస్తున్న మనిషి ఆట ముందు కూర్చోవడం అదే మొదటిసారి. మౌసు పట్టుకోవడం సరిగ్గా రాక రెండుసార్లు కట్ట దగ్గరే చచ్చాడు, రెండుసార్లు ప్రోగ్రామును తిట్టాడు. మూడోసారి కట్టవాణ్ణి కొట్టాడు. ఇంకాసేపటికి పంపుగదివాణ్ణీ కొట్టాడు. ఇద్దరూ అయిపోయారు. మూడోవాడు లేడని ఆయనకు తెలుసు, తీసేసిందని రెండు నిమిషాల ముందు తనే తిట్టాడు.

తూము కనిపించింది. ఆయన నడక నెమ్మదించింది. ఆగాడు. వెనక్కి తిరిగి చూశాడు, మళ్ళీ ముందుకు చూశాడు. నాలుగడుగులు వేసి వంగాడు.

"నిజంగా తీసేసినావు కదమ్మా?" అన్నాడు గొంతు తగ్గించి.

"పోయి చూడన్నా," అంది.

ఆయన పోలేదు. అలాగే వంగి కూర్చున్నాడు.